బరంపురం వాళ్ళం బెంగళూరు ఫ్రీడం పార్కులో

బెంగళూరులో అక్కావాళ్ళింటికి వెళ్తే ఎప్పుడూ లాల్‌బాగ్, కబ్బన్ పార్కు తిప్పి రైలెక్కించేస్తారు. ఈసారి మావయ్య కూడా వచ్చారు కాబట్టి పట్టుబట్టి, పాత జైలుని పార్కుగా మార్చిన ఫ్రీడం పార్కుకి వెళ్ళాం. మాది బరంపురం. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గంజాం జిల్లాలో చాలా భాగం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అటు వెళ్ళింది, మా ఇళ్ళలో తెలుగు మాత్రం అలాగే ఉండిపోయింది. మా ఊళ్ళో జైలు అనగానే పెద్దవాళ్ళు ముందు చెప్పే పేరు లక్ష్మణ్ నాయక్, క్విట్ ఇండియా ఉద్యమంలో పోరాడిన ఆదివాసీ నాయకుడు. ఆయన్ని ఉరి తీసింది అక్కడే. అందుకే ఆ కాలం నాటి జైలుని ఇంకో ఊళ్ళో పార్కుగా మార్చారంటే ఎలా మార్చారో చూడాలని నాకు ఎప్పట్నుంచో కోరిక.

ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ బరంపురంలో ఎక్కితే మధ్యలో మారే పని లేదు. రైల్వే స్టేషనున్న మెజెస్టిక్ నుంచి పార్కు ఉన్న శేషాద్రి రోడ్డుకి ఆటోలో కాసేపే. 1860ల్లో కట్టిన సెంట్రల్ జైలు ఇది. 2000లో ఖైదీలని పరప్పన అగ్రహారలోని కొత్త జైలుకి తరలించాక ఊరి నడిబొడ్డున దాదాపు 21 ఎకరాలు ఖాళీగా మిగిలింది. ఆ స్థలం ఎంత ఖరీదు చేస్తుందో ఆలోచించండి. అక్కడ షాపింగ్ మాల్ లేవకుండా 2008లో పార్కు తెరిచారంటే, అది మామూలు విషయం కాదని నా అభిప్రాయం.

లోపల నాకు బాగా నచ్చింది మధ్యలోని కాపలా బురుజు. దాన్ని పడగొట్టకుండా ఉంచారు. దాని చుట్టూ బ్యారక్‌లు ఎలా ఉండేవో చూస్తే, ఒక్క మనిషి పైన నిలబడి ఇన్ని వందల మందిని ఎలా కనిపెట్టుకుని ఉండేవాడో వెంటనే అర్థమవుతుంది. మావయ్య కింద నిలబడి తలెత్తి చూసి "వాడు చూస్తున్నాడో లేదో కూడా వీళ్ళకి తెలీదురా, అదే అసలు శిక్ష" అన్నారు. దాని చుట్టూనే ఇప్పుడు జనం వాకింగ్ చేస్తున్నారు.

ఎమర్జెన్సీ మొదలైనప్పుడు, 1975 జూన్‌లో, పార్లమెంటరీ కమిటీ పని మీద బెంగళూరు వచ్చిన ప్రతిపక్ష నాయకులు వాజ్‌పేయి, ఆడ్వాణీ, మధు దండవతేలని అరెస్టు చేసి ఈ జైల్లోనే పెట్టారు. అంటే తెల్లవాళ్ళు కట్టిన గోడలు స్వతంత్ర దేశంలోనూ ఎదురు మాట్లాడినవాళ్ళని దాచడానికి పనికొచ్చాయన్నమాట. ఇప్పుడు బెంగళూరులో ధర్నా చేయాలంటే చోటు ఇక్కడే. మేం వెళ్ళిన రోజు కూడా జీతాల గురించి ఎవరో మైకులో గట్టిగా మాట్లాడుతున్నారు, మాకు కన్నడం అంతగా రాకపోయినా కాసేపు నిలబడి విన్నాం.

బ్యారక్‌ల్లో ఖైదీల బొమ్మలు పెట్టారు, మనిషెత్తు బొమ్మలు. జైల్లో బతుకు ఎలా ఉండేదో వాటివల్ల పిల్లలకి తెలుస్తుంది, మంచిదే. కానీ వాటి ముందు నిలబడితే నాకు బొమ్మ కన్నా పేరు కావాలనిపించింది.

ఎందుకంటే లక్ష్మణ్ నాయక్ కథలో పేర్లే ముఖ్యం. కొరాపుట్ వైపు తెంతులిగుమ్మ ఆయన ఊరు. 1942 ఆగస్టు 21న జనాన్ని వెంటబెట్టుకుని మాథిలి పోలీస్ స్టేషన్‌కి ఊరేగింపుగా వెళ్తే కాల్పులు జరిగాయి, జనం చనిపోయారు. అదే గొడవలో రామయ్య అనే ఫారెస్టు గార్డు కూడా పోయాడు, ఆ హత్య ఈయన మీద మోపారు. కొరాపుట్‌లో శిక్ష పడింది, 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఉరి తీశారు. ఉరి తీసిన మనిషి పేరు అందరికీ తెలుసు, విగ్రహాలున్నాయి, ఏటా ఆ రోజున దండలు వేస్తారు. ఆ రోజు మాథిలిలో తూటాలకి పడిపోయినవాళ్ళ పేర్లు మా ఊళ్ళో ఎంతమంది చెప్పగలరు?

మా ఊరి జైలు ఇంకా జైలుగానే నడుస్తోంది. ఎప్పటికైనా దాన్ని కూడా ఇలా మారుస్తామంటే, చెట్లూ వాకింగ్ ట్రాకూ వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఉరికంబం ఉన్న చోటు మాత్రం కదపకుండా, మాథిలిలో చనిపోయినవాళ్ళ పేర్లతో సహా ఒడియాలో, తెలుగులో, కొరాపుట్ కొండల్లో మాట్లాడే దేశియాలో చెక్కించి పెట్టాలి. తిరుగు రైల్లో ఇదే మాట మావయ్యతో అంటే, "పేర్లు రాయించాలంటే ముందు అవి మనకి తెలియాలి కదరా, మాథిలి వెళ్దాం పద" అన్నారు. వానలు తగ్గాక జయపురం వెళ్ళి, అక్కడినుంచి బైపారిగూడ మీదుగా వెళ్ళాలని అనుకుంటున్నాం.