హట్ బే వెళ్ళొచ్చాం, తిరుగు టికెట్ కథ మాత్రం వేరే

అండమాన్ అనగానే అందరూ హావ్‌లాక్, నీల్ దీవులు చూసి వచ్చేస్తారు, మా బామ్మర్దికి మాత్రం జనం లేని చోటే కావాలి. వాడే మ్యాప్ తీసి లిటిల్ అండమాన్ చూపించాడు, పోర్ట్ బ్లెయిర్‌కి దక్షిణంగా సుమారు 120 కిలోమీటర్లు, దాని కింద టెన్ డిగ్రీ ఛానెల్ అనే సముద్రపు పాయ, అది దాటితే నికోబార్, అక్కడికి పర్మిట్ లేకుండా మనల్ని పోనివ్వరు. ఆ దీవిలో ఓడ ఆగే ఊరే హట్ బే. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురం అని మార్చారు కానీ అక్కడి ఆటోవాళ్ళే ఇంకా పాత పేరు వాడుతున్నారు, నేనూ అదే రాస్తున్నా.

హావ్‌లాక్‌కైతే ప్రైవేట్ క్రూయిజ్‌లు బోలెడు, ఫోన్‌లోనే బుక్ చేస్కోవచ్చు. హట్ బేకి మేం నమ్ముకున్నది గవర్నమెంట్ షిప్పే. హెలికాప్టర్ ఉంది గానీ అందులో ముందు పేషెంట్లకీ లోకల్ వాళ్ళకీ, సీటు మిగిలితే మనకి, లగేజీ కూడా 5 కిలోలు దాటకూడదట, అది విన్నాక మళ్ళీ దాని ఊసెత్తలేదు. షిప్ టైమింగులు కూడా నెలల ముందు తెలియవు, కొద్ది రోజుల ముందే బయటికొస్తాయి. ఇంట్లో కూర్చుని రానూ పోనూ ప్లాన్ చేస్కుందాం అంటే కుదరదన్నమాట.

ఫీనిక్స్ బే జెట్టీ దగ్గర కౌంటర్‌కి తెల్లారి ఎనిమిదింటికి వెళ్ళాం, అప్పటికే యాభై మంది ఉన్నారు. ఆధార్ ఒరిజినల్, రెండు జిరాక్స్‌లు చేతిలో పెట్టుకోండి, చుట్టుపక్కల జిరాక్స్ షాపు వెతుక్కుంటూ పోతే లైన్ పోతుంది. హిందీలో తంటాలు పడుతుంటే ముందున్న పెద్దాయన వెనక్కి తిరిగి "ఏ ఊరు బాబూ మీది?" అన్నాడు. శ్రీకాకుళం జిల్లా ఆయనది, వాళ్ళ నాన్న కాలంలోనే వచ్చేశారట, పోర్ట్ బ్లెయిర్‌లో మనవాళ్ళు చాలా మందే ఉన్నారు. లోకల్ కార్డు ఉంటే చార్జీ తక్కువ, మనకి ఎక్కువ, అయినా వందల్లోనే. ఆయన చెప్పిన ముక్క ఒక్కటే, "వెళ్ళడం గురించి దిగులు పడకండి, దిగ్గానే తిరుగు టికెట్ సంగతి చూస్కోండి, తర్వాతే రూమూ గీమూ". మేం నవ్వేసి ఊరుకున్నాం.

షిప్‌లో బంక్, అంటే పడుకునే బెర్తు, తీస్కున్నాం. తెల్లారుజామున బయల్దేరితే మధ్యాహ్నం రెండున్నరకి చేరింది, దగ్గర దగ్గర ఎనిమిది గంటలు. మొదటి గంట కాలవలో పడవలా ఉంది, దీవులు దాటి ఓపెన్ సీలోకి వచ్చాక మొదలైంది, మా వాడు పొద్దున్నే కుమ్మిన పూరీలన్నీ సముద్రానికి సమర్పించేశాడు. ఎవోమిన్, అదే వాంతులు రాకుండా వేసుకునే మాత్ర, ఎక్కడానికి గంటో రెండు గంటలో ముందే వేస్కోవాలి, కడుపు తిప్పడం మొదలయ్యాక వేస్తే అదీ బయటికే. డెక్ మీద గాలికి కూర్చుంటే కొంత నయం. కింద బంకుల మధ్యంతా సరుకే, గుడ్ల అట్టలు, ఉల్లిపాయ బస్తాలు, ఓ ప్లాస్టిక్ కుర్చీల దొంతర.

దిగాక అసలు దీవి చూస్తే, ఒకటే రోడ్డు, తూర్పు ఒడ్డు వెంబడే పోతుంది. ఊళ్ళకి పేర్లున్నా జనం కిలోమీటర్లతోనే చెప్తారు, ఇల్లెక్కడ అంటే ఫలానా కిలోమీటర్ దగ్గర అనే. లాడ్జి అతన్ని అడిగితే స్కూటీ ఇప్పించాడు. బట్లర్ బే 14 కిలోమీటర్లు, దారిలో పామాయిల్ తోటలు, అచ్చం మన పెదవేగి వైపు పోతున్నట్టే ఉంది, పక్కన సముద్రం ఉందన్న మాటే గానీ. బీచ్‌లో ఆ సాయంత్రం మేమిద్దరం, నాలుగు ఆవులు. నీళ్ళలోకి దిగబోతే ఓ బెంగాలీ ఆయన కేకేసి ఆపాడు, వాగు వచ్చి సముద్రంలో కలిసే చోట మొసళ్ళు ఉంటాయి, ఉప్పు నీటి మొసళ్ళు. ఎక్కడ దిగొచ్చో లోకల్ వాళ్ళని అడక్కుండా దిగకండి.

ఇంకోటి, నవంబర్ నెలాఖర్లో అక్కడ ఐదింటికల్లా సూర్యుడు దిగిపోతాడు. గడియారం మనదే, సూర్యుడే ముందు నడుస్తున్నాడు. మధ్యాహ్నం భోంచేసి చిన్న కునుకు తీద్దాం అన్నారా, రోజు అయిపోయినట్టే. తెల్లారి ఐదున్నరకే వెలుగొచ్చేస్తుంది, బయల్దేరాల్సింది అప్పుడే.

సాండ్‌ఫ్లైస్, అంటే బీచ్‌లో కుట్టే చిన్న పురుగుల గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు మాకు. కంటికి కనపడవు, కుట్టినప్పుడు తెలీదు, రాత్రి మొదలవుతుంది దురద, వారం వదల్లేదు. కొబ్బరి నూనె మందంగా పట్టించి, తడి ఇసుకలో కూర్చోకుండా ఉంటే చాలావరకు తప్పుతుంది. సిగ్నల్ పర్లేదు, 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ ఈ దీవిదాకా వచ్చింది. అయినా కరెంటు పోయినప్పుడు ఫోన్‌పే పనిచేయలేదు, క్యాష్ పోర్ట్ బ్లెయిర్‌లోనే తీస్కోండి. దీవిలో చాలా భాగం ఓంగే ఆదివాసీల రిజర్వ్, డ్యుగాంగ్ క్రీక్ వైపు మనం వెళ్ళకూడదు, వాళ్ళ ఫోటో తీసినా కేసే. వీడియో కోసం ఆ వైపు బండి తిప్పుదాం అని మా వాడు అన్నాడు, నేను తాళం జేబులో వేస్కున్నా.

ఇక తిరుగు టికెట్. దిగిన రోజు కౌంటర్ మూసేసి ఉంది, రెండో రోజు మేం బీచ్‌లో ఉన్నాం, మూడో రోజు వెళ్తే వాయుగుండం, షిప్ లేదన్నారు. ఎప్పుడుంటుంది అంటే "మౌసమ్ దేఖ్‌కే", వాతావరణం చూసి అని. ఆ రాత్రంతా గాలి, రేకుల మీద వాన. నాలుగో రోజూ షిప్ రాలేదు, బజార్లో టమాటాలు అయిపోయాయి, హోటల్ ఆవిడ చేపా అన్నం మాత్రం పెడుతూనే ఉంది. హైదరాబాద్ ఫ్లైట్ ఐదో రోజు మధ్యాహ్నం, చేతికి రానిదాన్ని గుంజి లాభం లేదని క్యాన్సిల్ చేశాం, వాపస్ వచ్చింది ఏడువందల చిల్లర. "బావా, ఆ లైన్లో పెద్దాయన చెప్పాడు కదా" అన్నాడు మా వాడు, అప్పటికి గుర్తొచ్చింది వాడికి.

ఐదో రోజు షిప్ వచ్చిందని తెలిసిన పది నిమిషాల్లో కౌంటర్ దగ్గర ఊరంతా ఉంది. హాస్పిటల్‌కి వెళ్ళేవాళ్ళకి ముందు ఇచ్చారు, ఇవ్వాల్సిందే కూడా. మాకు బంక్ దొరకలేదు, డెక్‌లోనే రాత్రంతా చాప మీద. వెళ్ళేవాళ్ళు షిప్పుకీ ఫ్లైట్‌కీ మధ్య కనీసం రెండు రోజులు ఖాళీ వదలండి, వానాకాలమైతే మూడు. షిప్ టైముకే వస్తే ఆ రెండ్రోజులూ సెల్యులార్ జైలు, రాస్ ఐలండ్ చూస్కోండి, నష్టమేం లేదు.

ఎయిర్‌పోర్ట్ దారిలో ఆటో ఆపించి మా వాడి బ్యాగ్ తీయించా. ఓ పగడపు ముక్క, గుప్పెడు గవ్వలు. ఎండిన పగడమైనా సరే పట్టుకెళ్ళకూడదు, స్కానింగ్‌లో పట్టేస్తారు. "మా అక్క అడిగింది బావా" అన్నాడు. మీ అక్కకి నేను చెప్తాలే అని రోడ్డు పక్క సముద్రంలోకే వేయించా.