ఆరుద్ర నుంచి సూపర్నోవా దాకా: చుక్కల వెలుగు కొలవడంలో నా అనుభవం

మా అవ్వకు ఆరుద్ర అంటే కార్తె. ఆరుద్రలో వాన పడిందా, శెనక్కాయ విత్తారా, అంతవరకే. అదే పేరుతో ఆకాశంలో ఒక చుక్క ఉందని, అది రోజురోజుకూ మసకబారుతోందని 2019 డిసెంబరులో అనంతపురంలో మా మిద్దె మీదికి తీసుకెళ్లి చూపిస్తే, "దానికేమైందిరా?" అని అడిగింది. నాకూ తెలియదు. పేలిపోతుందేమోనని ఎక్కడ చూసినా అదే మాట, ఒక్క రాత్రి మబ్బు పట్టినా నాకు టెన్షన్.

అప్పుడే దాని వెలుగును కంటితో అంచనా వేసి రాయడం మొదలుపెట్టాను. వెలుగు ఎంతో తెలిసిన రెండు చుక్కలు పట్టుకోవాలి, ఒకటి మనదానికన్నా కాస్త ఎక్కువ, ఇంకొకటి కాస్త తక్కువ, వాటి మధ్య మనది ఎక్కడ పడుతుందో చూడాలి. అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గినట్టు. రోహిణి చుక్క 0.9, బెల్లాట్రిక్స్ అనే చుక్క 1.6. ఆరుద్ర మామూలుగా 0.5 దగ్గర ఉంటుంది. మొదటి రాత్రి నేను 0.8 అని రాశాను, ఇలాగే అంచనా వేసే మిగతావాళ్లవి చూస్తే 1.3 దగ్గర ఉన్నాయి. ఆరుద్రలాంటి ఎర్ర చుక్కను అదేపనిగా చూస్తే అది ఉన్నదానికన్నా వెలుగ్గా కనిపిస్తుందట, నేనేమో పది నిమిషాలు రెప్ప వేయకుండా చూశాను. తర్వాత నాకు కుదిరిన మార్గం కళ్లద్దాలు తీసేయడం. నాకు దూరం సరిగ్గా ఆనదు కాబట్టి చుక్కలన్నీ చిన్న బిళ్లల్లా అలుక్కుపోతాయి, అప్పుడు దీన్నొక క్షణం దాన్నొక క్షణం చూస్తే ఏది వెలుగో తేలిపోతుంది. 2020 ఫిబ్రవరికి ఆరుద్ర బెల్లాట్రిక్స్‌తో సమానమైంది. ఏప్రిల్ కల్లా మళ్లీ పుంజుకుంది. అది కక్కిన వాయువే చల్లబడి ధూళిగా మారి మనకు అడ్డం వచ్చిందని ఆ తర్వాత తేల్చారు.

అమెరికాలో 1911లో పెట్టిన ఏఏవీఎస్‌ఓ అనే సంస్థ ఇలాంటి అంచనాలను మనలాంటివాళ్ల దగ్గర కూడా తీసుకుంటుంది, చార్టులూ ఇస్తుంది. ఆ చార్టులో 109 అని ఉంటే 10.9 అని అర్థం. మధ్యలో చుక్క పెట్టరు, పెడితే దాన్నీ చుక్కే అనుకుంటామని! మన భాషలో రెండింటికీ ఒకటే మాట కాబట్టి నాకు ఇది చప్పున ఎక్కింది.

2023 మే 19న జపాన్‌లో కోయిచి ఇటగాకి ఎం101 గెలాక్సీలో సూపర్నోవా, అంటే పేలిపోయిన నక్షత్రం, కనిపెట్టాడు, దానికి 2023ఐఎక్స్‌ఎఫ్ అని పేరు పెట్టారు. నా దగ్గర అప్పటికి ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు ఉంది. మిద్దె మీద రెండు రాత్రులు వెతికాను, పగటి ఎండకు కాలిన స్లాబు ఇంకా సెగలు కక్కుతోంది, వీధిలైట్ల వెలుగులో గెలాక్సీ కాదు కదా దాని ఛాయ కూడా లేదు. మూడో రాత్రి మా బావ టెలిస్కోపును ఆటోలో వేసుకుని కళ్యాణదుర్గం వైపు వాళ్ల చేనికి తీసుకెళ్లాడు. పెళ్లిలో చూపించే అరుంధతీ వశిష్ఠుల దగ్గర మొదలుపెట్టి, అక్కడి నుంచి సాగే మసక చుక్కల వరుస పట్టుకుని పోతే ఎం101 వస్తుంది. మొదట పొగమరకలా గెలాక్సీ, దాని అంచున సూదిమొనంత చుక్క. సుమారు 2.1 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఒకే ఒక్క నక్షత్రం! బావ చూసి చాలాసేపు మాట్లాడలేదు. టార్చికి ఎర్ర కాగితం చుట్టి చార్టు చూసుకుంటూ 11.0 అని రాసుకున్నాను, ఈసారి ఇతరుల అంకెలు ముందే చూడలేదు, చూస్తే కన్ను అటే లాగుతుంది.

జూన్ చివరి నుంచి మబ్బులు. ఆగస్టు మధ్యలో ఒక రాత్రి తెరిపిచ్చింది. అదే చేను, శెనక్కాయ అప్పటికి మడమల దాకా పెరిగి ఉంది. చార్టులో 125 అని ఉన్న చుక్క కనిపించింది, సూపర్నోవా ఉండాల్సిన చోట ఏమీ లేదు. కనిపించకపోయినా రాయాలి, అదీ లెక్కే. 12.5 కన్నా మసక అని పంపాను.