రన్ అంటే పరుగొక్కటేనా?

తొమ్మిదో తరగతిలో మా ఇంగ్లీషు మాస్టారు నేర్పిన మాటల్లో నాకు ఇప్పటికీ రోజూ అక్కరకొచ్చేది రన్. మూడక్షరాల ఇంగ్లీషు మాట. దాని అర్థం మాకెవ్వరికీ తెలియనిది కాదు. పరుగు. అంతే కదా అనుకున్నాం.

మాస్టారు మొదట క్రికెట్ ఎత్తుకున్నారు. ఇద్దరు బ్యాటర్లు అటువాడు ఇటు, ఇటువాడు అటు చేరితే ఒక రన్, బాగానే ఉంది. "మరి బంతి బౌండరీ దాటితే ఎవరూ పరిగెత్తే పనే లేదు. నాలుగు రన్లు ఎట్ట వచ్చినయ్ రా?" అని అడిగారు. క్లాసంతా గమ్మున కూర్చుంది. రోజూ ఆడే ఆటే, ఎవరికీ ఆ అనుమానం రాలేదు.

ఆ రోజు నుంచి నల్లబల్లకి కుడిపక్క ఒక గీత గీసి, ఆ భాగం రన్‌కి వదిలేశారు. ఇంట్లో, వీధిలో, బజార్లో ఆ మాట ఎక్కడ వినపడినా వచ్చి చెప్పాలి. లెక్కల మాస్టారు కూడా ఆ మూల చెరిపేవారు కాదు. రన్నింగ్ బస్సు ఎక్కొద్దని ఒకడు తెచ్చాడు. మోటారు రన్నింగ్‌లో ఉందని వాళ్ల నాన్న అన్నమాట ఇంకొకడు తెచ్చాడు. రన్నింగ్ నోట్సు, రన్నింగ్ కామెంటరీ వచ్చాయి. ఆడపిల్లల వరసలోంచి రన్నింగ్ బ్లౌజ్ వచ్చింది. చీర చివర అదే గుడ్డలో, అదే అంచుతో కలిసి వచ్చే జాకెట్టు ముక్క. కావలిలో చీరలు కొనేటప్పుడు వాళ్లమ్మ అడిగిందట. మగపిల్లలం నవ్వబోతే మాస్టారు ఆపి, ఆ మాటని అన్నిటికంటే పెద్ద అక్షరాలతో రాశారు. "చీర పరిగెత్తుతుందా? తెగకుండా సాగుతోంది. అదీ రన్" అన్నారు.

బౌండరీ ప్రశ్నకి జవాబు మటుకు ఆయన చెప్పలేదు. మొదట పరుగు తీస్తేనే వచ్చింది కాబట్టి రన్ అన్నారని, తర్వాత పరుగు తీయకుండా వచ్చినదాన్నీ అదే పేరుతో లెక్కేశారని కొన్నాళ్లకి మాకే తట్టింది.

మాది నెల్లూరు జిల్లా బిట్రగుంట దగ్గరి బడి కాబట్టి, అసలైన మాట రైల్వే క్వార్టర్ల నుంచి వచ్చింది. బిట్రగుంట అంటే ఒకప్పుడు బొగ్గింజన్ల షెడ్డు. మేం చదివే నాటికి ఆ వైభవం తగ్గిపోయినా, డ్రైవర్ల పిల్లలూ గార్డుల పిల్లలూ మాతోనే కూర్చునేవాళ్లు. అందులో ఒకడు లేచి "రన్నింగ్ రూమ్ సార్" అన్నాడు. రైలు నడిపే సిబ్బందిని రన్నింగ్ స్టాఫ్ అంటారు. డ్యూటీ దిగాక సొంతూరు కాని చోట వాళ్లు ఇంత తిని పడుకోవడానికి ఉండే గది రన్నింగ్ రూమ్. "నాన్న నిద్రపోయేది దాంట్లోనే సార్, చప్పుడు చేస్తే తిడతారు" అన్నాడు వాడు. మాస్టారి మొహం వెలిగిపోయింది. పరుగు అనే అర్థం ఒక్కటే పట్టుకుని కూర్చుంటే ఆ గదిలోకి మనం ఎప్పటికీ పోలేం అన్నారు. మాట మీద కాదు, మాట పక్కన ఏముందో దాని మీద చూపు పెట్టమన్నారు.

అక్కడి నుంచి మమ్మల్ని తెలుగులోకి లాగారు. ఇంగ్లీషువాడికి నదీ రన్నే, ముక్కూ రన్నే, కొట్టూ రన్నే. మనకి పెన్న పారుతుంది, ముక్కు కారుతుంది, కొట్టు నడుస్తుంది, బస్సు తిరుగుతుంది, సినిమా ఆడుతుంది. ఉతుకులో చీర రంగు దిగితే అక్కడా వాళ్లు రన్ అంటారు. ఇంగ్లీషుకి మాటలు తక్కువేమో అని ఒకరన్నారు. మాస్టారు వెంటనే "కొట్టు" అని బోర్డు మీద రాసి మమ్మల్ని చెప్పమన్నారు. టెంకాయ కొట్టాం, సున్నం కొట్టాం, గంట కొట్టారు, హారన్ కొట్టాడు, బడికి డుమ్మా కొట్టాడు, చెరువుకి గండి కొట్టారు, ఫస్ట్ క్లాస్ కొట్టాడు, చేపలు నీచు కొడుతున్నాయి. చిల్లర కొట్టు అని ఒకడంటే, అది వేరే మాట, వేషం మాత్రమే ఒకటని పక్కన పెట్టారు. ఇన్ని అర్థాలు మేం ఏ పుస్తకంలోనూ బట్టీ పట్టలేదు. మన భాషలో అంత సులువుగా చేసే పని ఇంగ్లీషులో చేయడానికి భయమెందుకని అడిగారు. తెలుగు మీడియం పిల్లలకి అంతకంటే పెద్ద ధైర్యం ఇంకెవరూ ఇవ్వలేదు.

రన్ వెనక తోకల్లా వచ్చే చిన్న మాటల దగ్గర మటుకు ఆయన గట్టిగా ఉండేవారు. రన్ ఇన్‌టు అంటే కావలి బస్టాండులో మామయ్య అనుకోకుండా ఎదురుపడటం. రన్ ఓవర్ అంటే లారీ కింద పడటం. రన్ అవుట్ ఆఫ్ అంటే డబ్బో బియ్యమో నిండుకోవడం, క్రికెట్‌లో రన్ అవుట్ సంగతి వేరు. ఇవన్నీ పట్టికలు వేసి బట్టీ పట్టించే గైడ్లు ఇప్పుడు బోలెడు. వాటితో పరీక్ష గట్టెక్కవచ్చేమో గానీ నోట్లో నాలుక తిరగదని నా గట్టి నమ్మకం. ఎన్నికల మాట కూడా ఆయన చెప్పిందే. అమెరికాలో పదవికి రన్ చేస్తారు, ఇంగ్లండులో నిలబడతారు. మనమూ ఎలక్షన్లలో నిలబడ్డాడు అనే అంటాం.

ఇంజినీరింగ్ చదివి కాలవల పనుల మీదికి వెళ్లాక మొదటి నెలలోనే నాకు రన్నింగ్ బిల్లు ఎదురైంది. పని పూర్తికాకముందే, అప్పటిదాకా అయినదానికి కొలతలు ఎం-బుక్కు అనే కొలతల పుస్తకంలో ఎక్కించి ఇచ్చే బిల్లు. మొదటి నుంచి అయిన పని మొత్తం రాసి, అంతకుముందు చెల్లించింది తీసేస్తారు. లెక్క తెగదు, సాగుతూ ఉంటుంది. రన్నింగ్ మీటరంటే పొడవొక్కటే లెక్క, వెడల్పుతో పనిలేదు. నాతో చేరినవాళ్లు టెన్షన్ పడుతుంటే నాకు మాత్రం ఇవి తెలిసినవాళ్లే అనిపించింది.

ఆక్స్‌ఫర్డ్ వాళ్ల పెద్ద డిక్షనరీ రెండో కూర్పు 1989లో 20 సంపుటాలుగా వచ్చింది. అందులో ఎక్కువ చోటు ఆక్రమించిన మాట సెట్, 430కి పైగా అర్థాలతో. తర్వాత కొత్త కూర్పు కోసం రన్‌ని తిరగరాస్తే ఒక్క క్రియాపదానికే 645 అర్థాలు తేలాయి. పీటర్ గిల్లివర్ అనే ఆయన 9 నెలలు దాని మీదే కూర్చున్నారు. గడియారాలు, మరలు, రైళ్లు, కంప్యూటర్లు, ఏ యంత్రం వచ్చినా అది రన్ అవ్వాల్సిందే కదా, అర్థాలు పెరగక ఏం చేస్తాయి?

ఈ సంగతి చదవగానే నెల్లూరులో ఉంటున్న మాస్టారికి ఫోన్ చేశాను. పాఠం చెప్పినప్పటి గొంతే. అంతా విని, "రన్నింగ్ రూమ్ ఉంటుందిలే అబ్బయ్యా, అది వాళ్ల మాటే. ఆ 645లో రన్నింగ్ బ్లౌజ్ ఉందేమో చూసి చెప్పు" అన్నారు.