పోతానన్న మనిషి, బతుకుతానన్న మనిషి

సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా కొర్లగుంటలో అత్తోళ్లింటికి వెళ్లాను. అత్త రాగిజావ పల్చగా కాచి, గుడ్డలో వడకట్టి, సిరంజితో అవ్వ ముక్కు గొట్టంలోకి మెల్లగా వదులుతోంది. గొట్టం పీకేసుకుంటోందని అవ్వ కుడిచేతిని పాత చీర పేలికతో మంచం పట్టెకు కట్టారు. పక్షవాతంతో మాట పడిపోకముందు అవ్వ ఎన్నోసార్లు అంది, "నన్ను గొట్టాలతో నిలబెట్టొద్దండి నాయనా" అని. ఆ మాట ఎవరం కాగితం మీద పెట్టలేదు.

టీవీలో ఏదో హత్య కేసు తీర్పు. "ఇట్లాంటోళ్లను ఉరి తీయాల్సిందే" అన్నాడు మామ. నేను అవ్వ గొట్టం సంగతి ఎత్తితే మాత్రం, "ప్రాణం తీసే హక్కు మనకెక్కడిది?" అన్నాడు. మామ మంచివాడే, అవ్వకు పక్క మార్చేది కూడా ఆయనే. అందుకే ఆ రెండు మాటలూ ఇంటిదాకా నన్ను వదల్లేదు.

ఉరీ, కారుణ్య మరణం ఒకటేనంటే నేను ఒప్పుకోను. ఉరికంబం ఎక్కేవాడు బతకాలనుకుంటాడు. అవ్వలాంటి మనిషి పోనివ్వమంటుంది. ఒకరిని బలవంతంగా పంపుతాం, ఇంకొకరిని బలవంతంగా ఆపుతాం. ఆ మనిషి ఏమంటున్నాడన్నది రెండు చోట్లా ఎవరికీ పట్టదు.

అయినా నాకు భయం లేకపోలేదు. 2016లో మదనపల్లె వైపు ఒక జంట, కాలేయం చెడిన పసిబిడ్డకు కారుణ్య మరణం ఇమ్మని కోర్టుకెక్కారు. ఆపరేషన్‌కు డబ్బుల్లేక! ప్రభుత్వం ముందుకొచ్చాక చెన్నైలో కాలేయ మార్పిడి చేశారు. వాళ్లు అడిగింది చావు కాదు, వైద్యం. ఉరిశిక్షలోనూ పేదరికం ఉంది. 1993లో చిలకలూరిపేట దగ్గర బస్సును తగలబెడితే 23 మంది పోయారు. ఘోరమే, కాదనను. ఉరి పడింది ఇద్దరు పేద దళిత యువకులకు. రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చబట్టి బతికారు. మంచి వకీలును పెట్టుకోగలిగినవాడు ఉరిదాకా వెళ్లడం నేనైతే వినలేదు.

కాబట్టి ఉరి వద్దు. కోలుకునే ఆశ లేని మనిషి తానే వద్దంటే మాత్రం యంత్రాలు, గొట్టాలు తీసేయాలి, అదీ డబ్బు కోసం కాదని తేలాకే. 2018లో సుప్రీంకోర్టు ఇందుకు ఒప్పుకుంది, అట్లాంటి వైద్యం నాకొద్దని ముందుగానే వీలునామా (లివింగ్ విల్) రాసిపెట్టుకోవచ్చంది. 2023 నుంచి ఆ కాగితానికి మేజిస్ట్రేటు దాకా పోనక్కర్లేదు, ఇద్దరు సాక్షులు, నోటరీ చాలు. అవ్వ విషయంలో ఆలస్యమైపోయింది. ఆదివారం నాది నేను రాస్తాను. ఒక సాక్షిగా మామనే అడుగుతాను, ఆయన కాదన్నా సరే, ఆ కాగితం చదవనీ.