తెల్ల దారం, నల్ల దారం

రంజాన్ నెల వచ్చిందంటే మా హన్మకొండ ఇంట్లో రోజాకు, అంటే ఉపవాసానికి, ముందు తెల్లవారుజామున తినే సహర్‌కు అందరికంటే ముందు లేచేది పిల్లలే. గిన్నెల చప్పుడు కాకుండా ఎంత మెల్లగా కదిలినా లాభం లేదు, లేచి కూర్చుని "నానీ (అమ్మమ్మా), నేను కూడా రోజా ఉంటా" అని ఒకటే గోల. ఈడు వచ్చేదాకా పిల్లలకు రోజా తప్పనిసరి కాదని చెప్తే వింటారా? వినరు. అందుకే చెప్పడం మానేసి ఆడించడం మొదలుపెట్టాను.

ఖురాన్‌లో సూరా బఖరా అనే అధ్యాయం 187వ వాక్యం, అంటే ఆయత్‌లో ఉంది కదా, తెల్లవారుజామున నల్ల దారం నుంచి తెల్ల దారం మీకు వేరుగా కనబడేదాకా తినండి, తాగండి అని. మనం అర్థం చదివేసి ముందుకు పోతాం. పిల్లలకైతే కుట్టుమిషన్ డబ్బాలోంచి రెండు దారాలు తెంపి చేతిలో పెట్టి, లైట్లన్నీ ఆర్పి డాబా ఎక్కిస్తాను. ఏది తెల్లదో చెప్పండి అంటే చీకట్లో కళ్లు చిట్లించి చూస్తారు, ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తారు, మా చిన్నోడైతే నోట్లో పెట్టుకుని చూశాడు.

అప్పుడు కథ మొదలు. హాతింతాయ్ పేరు వాళ్లకు ముందే తెలుసు, అడిగినవాళ్లకు లేదనని దాత. ఆయనకు అదీ అనే పేరున్న కొడుకు, ఇస్లాంలోకి వచ్చాక ఈ ఆయత్ విని ఏం చేశాడో చెప్పండి చూద్దాం అని ఆపేస్తాను. దర్జీ దగ్గరికి పోయాడని ఒకరు, టార్చి వేశాడని ఇంకొకరు. నిజానికి ఆయన నల్ల దారం, తెల్ల దారం దిండు కింద పెట్టుకుని రాత్రంతా తీసి చూశాడు, తేడా తెలియలేదు. పొద్దున పోయి ప్రవక్త (స)కు చెప్పుకుంటే, "అయితే నీ దిండు చాలా వెడల్పుదన్నమాట" అన్నారట. ఆ దారాలంటే రాత్రి చీకటి, పగటి వెలుగు అని వివరించారు. అంత ఆకాశం దిండు కింద పట్టిందంటే మరి దిండు ఎంత ఉండాలి! ఇక్కడ పిల్లలు పడీపడీ నవ్వుతారు, నవ్వుతూనే తూర్పు వైపు తిరుగుతారు.

ఈ సంగతి మనకు తెలిసింది అదీ నోటి నుంచే. తెగకు పెద్ద, అయినా తన పొరపాటు దాచుకోలేదు. మా చిన్నప్పుడు అరబ్బీ పాఠం తప్పు చదివితే అరచేతి మీద బెత్తం పడేది, ఈ కథ మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగేదాన్నేమో.

మధ్యాహ్నానికి ఆకలి మొదలవుతుంది. దానికీ పాత ఉపాయమే ఉంది. మొహర్రం పదో రోజైన ఆషూరా రోజాల్లో పిల్లలు అన్నానికి ఏడిస్తే చేతిలో ఉన్ని బొమ్మ పెట్టి ఇఫ్తార్ దాకా ఆడించేవాళ్లమని రుబయ్యి అనే సహాబియా (ప్రవక్త కాలపు అనుచరురాలు) చెప్పారు. నేనూ పాత స్వెట్టర్ విప్పి బొమ్మ చేసిచ్చాను. ఒంటిగంట దాకా పనిచేసింది, తర్వాత అన్నం పెట్టేశాను. ఇవాళ సగం, రేపు సగం, రెండూ కలిపి కుట్టేస్తే ఒక రోజా అని ఒప్పందం. పక్కింటి పాప కూడా "నాకూ సగం ఒక్కపొద్దు" అంటూ వచ్చి కూర్చుంది, వాళ్లమ్మ శివరాత్రికి ఉంటుంది కాబట్టి ఆ పిల్లకు ఇందులో కొత్తేం లేదు. సాయంత్రం సైరన్ మోగగానే ఖర్జూరం కోసం అందరికంటే ముందు చెయ్యి చాపింది కూడా ఆమే. (వరంగల్ మండిబజార్ హలీం గురించి అడగకండి, మావాళ్ల లెక్కలో రంజాన్ అంటే సగం అదే.)

పండుగ ముందు రోజు దిండు గలీబులు ఉతకడానికి తీస్తే చిన్నోడి గలీబులోంచి రెండు దారం ముక్కలు పడ్డాయి, వాటికి అంటుకుని ఒక ఖర్జూరం గింజ.