పదిహేనేళ్ళ పిల్లతో ఏ ఓడ ఎక్కాలి?

నెల్లూరు ట్రంకు రోడ్డులో ఓడ ప్రయాణాల టిక్కెట్లు ఇప్పించే ఆఫీసులో మమ్మల్ని అడిగిన ప్రశ్నలు రెండే. బడ్జెట్టు ఎంత, బాల్కనీ ఉన్న గది కావాలా అక్కర్లేదా అని. మా అమ్మాయి వయసు సంగతి అక్కడ ఎవరికీ పట్టలేదు. పాస్‌పోర్టు చూసి ఫారంలో ‘చైల్డ్’ అని రాసుకుని ముందుకు వెళ్ళిపోయారు. తొమ్మిదో తరగతి చదువుతూ, నా చెప్పులు తన కాళ్ళకు చాలని ఆ పిల్ల నా పక్కనే కూర్చుని ఉంది. ప్రయాణం బాగానే జరిగి ఇంటికి వచ్చేశాము గానీ, ఆ ఫారం మీద నా కోపం ఇంకా తగ్గలేదు. ఎందుకంటే ఇంట్లో ఈడొచ్చిన పిల్ల ఉన్నప్పుడు ఓడను ఎంచుకోవడంలో అన్నిటికంటే ముందు తేల్చుకోవలసిన విషయం దాని వయసే.

అసలు ఓడ దాకా ఎందుకు వెళ్ళామో చెప్పాలి. ఈ వయసు పిల్లలు మనతో ప్రయాణం చేయడానికి ఒప్పుకుంటారు, కానీ రోజంతా మన వెంట నడవడానికి ఒప్పుకోరు. కొడైకెనాల్ వెళ్ళినప్పుడు మా అమ్మాయి కారు దిగమంటే దిగేది, ఫొటో తీస్తామంటే నిలబడేది, మళ్ళీ వచ్చి కారులో కూర్చుని ఫోను చూసుకునేది. తెలియని ఊరిలో దాన్ని ఒంటరిగా వదలలేము, వదలకపోతే దానికి ఊపిరాడదు. ఓడలో అయితే గోడల మధ్యనే ఒక ఊరంతా ఉంటుంది కదా, అందులో దాని దారిన అది తిరిగి రావచ్చు కదా అన్నది నా ఆలోచన.

మనకు దగ్గరలో దొరికేది కార్డీలియా కంపెనీ వాళ్ళ ఎంప్రెస్ ఓడ. 1990లో ఫ్రాన్స్‌లో కట్టిన ఆ ఓడ చాలా ఏళ్ళు రాయల్ కరీబియన్ అనే అమెరికా కంపెనీ వాళ్ళ కింద తిరిగి, 2021 నుంచి మన రేవుల మధ్య తిరుగుతోంది. నైరుతి రుతుపవనాలకు పడమటి సముద్రం రేగిపోయే నెలల్లో అది చెన్నైకి వచ్చి విశాఖపట్నం, పుదుచ్చేరి, శ్రీలంక రేవులకు వెళుతుంది. చలికాలంలో దాని తిరుగుడంతా ముంబయి, గోవా, లక్షద్వీపాల వైపు. పొద్దున పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నై చేరే మాకు అది ఎంతో అనుకూలం, కానీ బడికి సెలవులున్నది సంక్రాంతికి, అప్పుడు ఆ ఓడ తూర్పు తీరాన ఉండదు. ముంబయి దాకా వెళ్ళే ఖర్చులో సింగపూర్ విమానం టిక్కెట్టుకు సగానికి పైగా వచ్చేస్తుందని మా ఆయన లెక్క వేశారు.

సింగపూర్ నుంచి మా చూపులో నిలిచినవి రెండు. 2025లో స్టార్‌డ్రీమ్‌గా పేరు మార్చుకున్న రిసార్ట్స్ వరల్డ్ వాళ్ళ జెంటింగ్ డ్రీమ్ 2016లో జర్మనీలో తయారైంది, మేము చూసినప్పుడు సింగపూర్‌నే ఇల్లు చేసుకుని తిరిగేది. భారతీయ శాకాహారం, జైన భోజనం అందులో దొరుకుతాయి. మన దేశం నుంచి పెద్ద పెద్ద కుటుంబాలు, కంపెనీల బృందాలు దాన్ని ఎక్కువగా ఎక్కడానికి అదొక కారణం. రెండోది రాయల్ కరీబియన్. క్వాంటమ్ తరగతి అని వాళ్ళు పిలిచే ఒకే నమూనా పెద్ద ఓడల్లో ఒకటి ఆ చలికాలంలో ఇటువైపు వచ్చింది. అత్తయ్య కూడా మాతో వచ్చి ఉంటే నేను మరో ఆలోచన లేకుండా మొదటిదే తీసుకునేదాన్ని. మేము ముగ్గురమే అయినప్పుడు చూడవలసింది పిల్ల రోజు ఎలా గడుస్తుందన్నది. క్వాంటమ్ తరగతిలో 12 నుంచి 17 ఏళ్ళ వాళ్ళకు ప్రత్యేకంగా ఒక గది, వాళ్ళ కోసమే మనుషులు, ఎవరి ఇష్టం మీద వాళ్ళు వచ్చి పోయే వీలు, దానికి వేరే రుసుము లేదు. జెంటింగ్‌లో నీటి జారుడు బల్లలు, తాళ్ళ మీద నడిచే ఆటలు, బౌలింగ్ అన్నీ బాగానే ఉన్నాయి, పదేళ్ళ పిల్లలుంటే కళ్ళు మూసుకుని ఎక్కవచ్చు. పదిహేనేళ్ళ పిల్లకు కావలసింది ఆటవస్తువు కంటే ముందు తన ఈడు పిల్లలు. అందుకే రాయల్ కరీబియన్ ఓడకే మొగ్గాము.

ధర దగ్గరికి వచ్చేసరికి నాకు నిజంగా కష్టమనిపించింది. ప్రకటనలో వేసే మొత్తం ఒక గదిలో ఇద్దరు ఉంటే మనిషికి ఎంత అన్నది. మూడో మనిషికి కాస్త తగ్గుతుంది, కానీ రేవు పన్నులు తగ్గవు. సిబ్బందికి ఇచ్చే టిప్పు అమెరికా కంపెనీలలో రోజుకు మనిషికి సుమారు 15 నుంచి 20 డాలర్ల దాకా బిల్లులోనే కలిపేస్తారు, పిల్లలకు కూడా. ఇంటర్నెట్టుకు వేరు, కూల్‌డ్రింకులకు వేరు. సింగపూర్ వీసా రుసుము మనిషికి 30 సింగపూర్ డాలర్లు, దాని మీద ఏజెంటు కమీషను. అన్నీ కూడితే ప్రకటనలో చూసినదానికి దాదాపు ఒకటిన్నర రెట్లు అయింది. ఇవన్నీ ఆ ఆఫీసులో ఒకేసారి చెప్పలేదు, వెళ్ళిన ప్రతిసారీ ఒక్కొక్కటిగా బయటపెట్టారు. మా పుట్టింటి వైపు, పాత ప్రకాశం జిల్లాలో ఉండి ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్ళిన మోటుపల్లిలో, కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన అభయ శాసనం ఉంది. గాలివానకు చెదిరి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు దోచుకునేవారని, తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోనని, ఏ సరుకుకు ఎంతో రాతిమీద చెక్కించి రేవులో నిలబెట్టాడు. ఓడెక్కేవాడికి మొత్తం ఎంతో ముందే చెప్పాలన్న మర్యాద మన తీరానికి దాదాపు ఎనిమిది వందల ఏళ్ళ కిందటే తెలుసు. ఆ మర్యాదను ఇప్పుడు అడిగి రాయించుకోవలసి రావడం నాకు బాధ కలిగించింది. అందుకే ఎవరైనా ఈ ప్రయాణానికి వెళుతున్నారంటే, పన్నులు, టిప్పులు కలిపి చివరి అంకె ఒక కాగితం మీద రాయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వమని చెబుతున్నాను.

పండగ పూట ఇల్లు వదిలి వెళ్ళడం అత్తయ్యకు నచ్చలేదు. “పెద్దల పండగనాడు ఇంట్లో దీపం పెట్టే దిక్కు లేకుండా ఏం ప్రయాణమమ్మా?” అన్నది. మా మరిది వాళ్ళు కావలి నుంచి వచ్చి ఆమె దగ్గర ఉంటామన్నాక ఒప్పుకుని, అరిసెలు, మణుగుబూవులు డబ్బాకెత్తి ఇచ్చింది. ఇంట్లో వండినవి ఓడలోకి సాధారణంగా రానివ్వరు, సీలు వేసిన పాకెట్లకే అనుమతి. కాబట్టి ఆ డబ్బా సింగపూర్ హోటల్లోనే ఖాళీ చేశాము. కొనుక్కున్న కందిపొడి పాకెట్టు మాత్రం మాతో ఓడెక్కింది.

చెన్నై వెళ్ళే రైలులో జనం పలచగా ఉన్నారు. ఎదురుగా వచ్చే బండ్లలో మాత్రం పండగకు నెల్లూరు, ఒంగోలు వెళ్ళేవాళ్ళు తలుపుల దాకా నిండి ఉన్నారు. సెంట్రల్ నుంచి మెట్రోలో నేరుగా విమానాశ్రయానికి, అక్కడి నుంచి నాలుగు గంటల్లో సింగపూర్‌కు. ఆ దారి అందరికీ తెలిసినదే.

మెరీనా బేలోని ఓడల టెర్మినల్‌లో వరుసలు పొడుగ్గా ఉన్నా వేగంగా కదిలాయి. ఓడ కదిలే లోపు ప్రాణరక్షణ అభ్యాసం పూర్తి చేయాలి. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా మునిగిన తర్వాత దీన్ని బయలుదేరక ముందే జరపాలని నియమం బిగించారు. ఇప్పుడు ఫోనులో వీడియో చూసి, మనకు కేటాయించిన చోటికి నడిచి వెళ్ళి హాజరు వేయించుకుంటే చాలు. మా ముగ్గురిలో ఆ చోటును ముందుగా కనిపెట్టి, లైఫ్ జాకెట్టు కట్టుకునే తీరు నాకు మళ్ళీ చెప్పింది మా అమ్మాయే. కాసేపటికి అది మమ్మల్ని నడిపించుకుంటూ వెళ్ళడం మొదలుపెట్టింది.

బాల్కనీ గదికి డబ్బు పెట్టకుండా లోపలి గది తీసుకున్నాము. క్వాంటమ్ తరగతి ఓడల్లో కిటికీ లేని గదులకు గోడ మీద నేల నుంచి పైకప్పు దాకా ఒక తెర ఉంటుంది. బయట కెమెరాలో కనిపించే సముద్రం ఆ క్షణంలోనే దాని మీద కనిపిస్తుంది. రాత్రి ఆ తెర నల్లబడి, దూరంగా పోయే సరుకు ఓడల దీపాలు ఎడమ నుంచి కుడికి మెల్లగా జరుగుతుంటే, మా అమ్మాయి మంచం మీద బోర్లా పడుకుని, గడ్డం కింద చేతులు పెట్టుకుని నిద్ర వచ్చేదాకా చూసింది. పెనాంగ్, ఫుకెట్ దారి మలక్కా జలసంధిలోంచి పోతుంది. ఒక పక్క సుమత్రా, మరో పక్క మలయా ద్వీపకల్పం అడ్డుగా ఉండటం వల్ల ఓడ ఊగినట్టే తెలియలేదు. బస్సులో గూడూరు దాటేలోపే వాంతి చేసుకునే పిల్ల ఓడలో ఒక్క మాత్ర కూడా వేసుకోలేదు.

ఇక ఈడు పిల్లల కోసం ఓడలో పెట్టిన ఆ గది సంగతి. మొదటి సాయంత్రం దాన్ని తలుపు దాకా దిగబెట్టాను. లోపలికి తల్లిదండ్రులు వెళ్ళకూడదు. పది నిమిషాలకే తిరిగి వచ్చి, “అమ్మా, లోపల నలుగురే ఉన్నారు, అందరూ అబ్బాయిలే” అన్నది. నాకు గుండె జారింది. మా ఆయన ఏమీ అనలేదు గానీ ఆయన మొహంలో ఖర్చు కనిపించింది. మర్నాడు సముద్రం మీదనే రోజంతా. మధ్యాహ్నం డాషింగ్ కార్ల ఆట దగ్గర పెర్త్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి మా దాని కారును గుద్దింది, ఇది తిరిగి గుద్దింది, రాత్రి భోజనానికి వచ్చేటప్పటికి ఇద్దరూ కలిసి వచ్చారు. అప్పుడు నాకు అర్థమైన విషయం ఒకటి ఉంది. జనవరిలో సింగపూర్ పిల్లలకు బడులు నడుస్తుంటాయి, వాళ్ళ పెద్ద సెలవులు నవంబరు చివరి నుంచి డిసెంబరు దాకా, మళ్ళీ జూన్‌లో. ఆస్ట్రేలియా వాళ్ళకు మాత్రం జనవరి నెలాఖరు దాకా వేసవి సెలవులు. ఈడు పిల్లల గది ఎంత బాగున్నా, ఆ వారంలో ఏ దేశపు పిల్లలకు సెలవులున్నాయో దాన్ని బట్టే అది నిండుతుంది. మన సెలవులు చూసుకుని టిక్కెట్టు కొంటాము, అవతలి వాళ్ళ సెలవులు కూడా చూడాలి. ఈ మాట నాకు ఏ ఏజెంటూ చెప్పలేదు.

భోజనాల దగ్గర పరిచయమైన తిరుప్పూరు కుటుంబం పరిస్థితి చూసి నాకు చాలా జాలి వేసింది. వాళ్ళ అబ్బాయికి అంతకుముందు నెలలోనే పద్దెనిమిది నిండాయి. ఆ గదిలోకి 17 దాటితే రానివ్వరు. పెద్దవాళ్ళ కార్యక్రమాలలో వాడికి తోడు లేదు. ఎంతసేపటికీ తండ్రి పక్కన కూర్చుని చెస్ ఆడుకున్నాడు. వాళ్ళు టిక్కెట్టు కొన్ననాడు వాడికి పదిహేడే, ఓడ బయలుదేరే రోజున ఉన్న వయసే లెక్కకు వస్తుందని ఎవరో ఒకరు చెప్పి ఉంటే ఆ పిల్లవాడు అలా కూర్చోవలసిన అవసరం ఉండేది కాదు. వాళ్ళమ్మ ఆ మాట నాకు చెబుతూ కళ్ళు తుడుచుకుంది.

తిండికి లోటు లేదు. బఫేలో రోజూ అన్నం, పప్పు, ఏదో ఒక కూర ఉండేవి. రుచి చప్పగా ఉన్నా కందిపొడి కలుపుకుంటే సరిపోయింది. చేపలు మాత్రం నేను తినలేకపోయాను. మామిడికాయ వేసిన పులుసు తిన్న నోటికి ఉడకబెట్టి వెన్న రాసిన చేప ఎక్కదు. మా అమ్మాయి పాస్తాతో, పిజ్జాతో సంతోషంగా ఉంది, దానికి కందిపొడి అక్కర్లేకపోయింది.

పెనాంగ్‌లో ఓడ ఊరి ఒడ్డునే ఆగింది, జార్జ్‌టౌన్ నడిచి చూశాము. ఫుకెట్‌లో ఓడ దూరంగా నిలబడితే చిన్న పడవల్లో ఒడ్డుకు చేరవలసి వచ్చింది, ఆ వరుసలోనే పూట గడిచిపోయింది. ఊళ్ళు చూడటమే ముఖ్యమనుకునేవాళ్ళు రేవుకు ఆనుకుని ఆగే ఓడో, పడవల్లో దింపే ఓడో ముందే అడగాలి. మా అమ్మాయికి ఆ ఆలస్యం పట్టలేదు, పెర్త్ పిల్ల పక్కనే ఉంది.

ఓడలో పిల్లల కార్డు మీద ఎంత దాకా ఖర్చు పెట్టవచ్చో మనమే పరిమితి పెట్టవచ్చు. రాత్రి 1 గంట తర్వాత 17 ఏళ్ళు, అంతకు లోపు వాళ్ళు ఒంటరిగా తిరగకూడదన్న నియమం కూడా ఉంది. మేము పదకొండున్నర అని చెప్పాము, అది పదకొండున్నరకే వచ్చింది. ఆఖరి ఉదయం బిల్లు తీసి వరుస వరుసా చదివాను. కార్డు మీద అది పెట్టిన ఖర్చు రెండు మిల్క్‌షేకులు.

ఇంటికి వచ్చాక, వచ్చే జూన్ తర్వాత చెన్నై నుంచి విశాఖపట్నం వెళ్ళే ఓడకు జేజిని, అంటే మా అత్తయ్యను, కూడా తీసుకువెళదామని మా అమ్మాయే అడిగింది. ఈసారి వేరే ఆఫీసుకు ఫోను చేశాను. ఈడు పిల్లలకు వేరే గది ఉందా, ఏ వయసు నుంచి ఏ వయసు దాకా, ఆ వారంలో పిల్లలు ఎందరు ఎక్కుతున్నారు, అన్నీ కలిపి చివరి అంకె ఎంత అని అడిగాను. కనుక్కుని సోమవారం చెబుతామన్నారు.