విడిచి వచ్చిన వస్త్రము

"అతడు తన వస్త్రమును ఆమె చేతిలో విడిచిపెట్టి తప్పించుకొని బయటికి పారిపోయెను." (ఆదికాండము 39:12)

యోసేపు కథను మనలో చాలామంది సండే స్కూలు రోజుల్లోనే విన్నాము. అన్నలు గుంటలో పడవేయడం, ఇరువది తులముల వెండికి అమ్మివేయడం, అతణ్ణి కొన్న ఐగుప్తు అధికారి ఫోతీఫరు ఇల్లు, చెరసాల, ఫరో కలలు, అన్నీ వరుసగా గుర్తుండిపోతాయి. కథ తెలుసునన్న ధైర్యంతోనే ఈ పన్నెండవ వచనాన్ని చాలాసార్లు త్వరగా దాటి వెళ్లాను. ఈ మధ్య మళ్లీ చదువుతూ ఉండగా, తనతో శయనించుమని అతని వస్త్రం పట్టుకున్న ఫోతీఫరు భార్య చేతిలో మిగిలిన ఆ వస్త్రం దగ్గర ఆగిపోయాను. దానిని విడిపించుకోవడానికి ఒక్క నిమిషం ఆగి ఉంటే, ఆ నిమిషమే అతనిని పట్టుకునేదేమో. అతడు బట్ట కోసం పెనుగులాడలేదు, వాదించలేదు, ఆమెకు బుద్ధి చెప్పడానికి నిలబడలేదు. మాటలు చెప్పవలసిన రోజున చెప్పాడు. కాళ్లకు పని చెప్పవలసిన రోజున పారిపోయాడు.

ముందు చెప్పిన మాట తొమ్మిదవ వచనంలో ఉంది. "నేను ఎట్లు ఇంత ఘోరమైన దుష్కార్యము చేసి దేవునికి విరోధముగా పాపము కట్టుకొందును" అన్నాడు. మన తెలుగు బైబిలు అనువాదకులు ఇక్కడ వాడిన 'కట్టుకొందును' అన్న క్రియ నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. బట్ట కట్టుకుంటాము, మూట కట్టుకుంటాము, పాపమూ కట్టుకుంటాము. ఒంటికి చుట్టుకునేదానికీ భుజాన మోసేదానికీ మన భాషలో ఒకే మాట. పాపాన్ని కట్టుకోనన్నవాడు చివరికి కట్టుకున్న బట్టను కూడా వదులుకుని బయటపడ్డాడు.

ఈ మాట అన్ననాటికి అతని చేతిలో ఏ లేఖనమూ లేదు. "వ్యభిచరింపకూడదు" అన్న ఆజ్ఞ సీనాయి కొండమీద ఇవ్వబడడానికి ఇంకా కొన్ని శతాబ్దాలు ఉన్నాయి. సంఘం లేదు, కాపరి లేడు, కనిపెట్టుకుని చూసే తండ్రి అతడు చనిపోయాడనుకుని దూరదేశంలో ఏడుస్తున్నాడు. పదిహేడేళ్ల వయసులో మొదలైన దుఃఖం ముప్పై ఏళ్లకు ఫరో ఎదుట నిలిచేవరకు తీరలేదు. ఆ పదమూడేళ్ల నడుమ ఎక్కడో ఈ శోధన వచ్చింది. అది కూడా కష్టంలో ఉన్నప్పుడు కాక, యజమాని తనకు కలిగినదంతా అతని చేతికి అప్పగించి, పనులన్నీ వర్ధిల్లుతున్న కాలంలో వచ్చింది. నా మట్టుకు నాకు ఇది చాలా నిజమనిపిస్తుంది. గాయపడినవాడికి కాస్త ఊపిరి ఆడినప్పుడు, "ఇంత పడ్డాను గదా, నాకు ఈ మాత్రం దక్కకూడదా" అనే స్వరం లోపల లేస్తుంది. జాలి మాటల్లాగే వినిపించే ఆ స్వరాన్ని శోధనగా గుర్తుపట్టడమే కష్టం. తనమీద తాను జాలిపడడానికి యోసేపుకు కావలసినన్ని కారణాలు ఉన్నాయి. అయినా అతడు లెక్కవేసింది తనకు జరిగిన అన్యాయాన్ని కాదు. యజమాని తనమీద ఉంచిన నమ్మకాన్ని తలచుకున్నాడు, ఆమె అతని భార్య అన్నాడు, అన్నిటికంటె పైన దేవుణ్ణి పెట్టాడు.

ఆ తరువాతి వచనంలో కథకుడు ఒక చిన్న వివరం చేర్చాడు. ఆమె "దినదినము" అతనితో మాట్లాడుతూ ఉండేది. అతడు ఆమెతో శయనించుటకైనను, "ఆమెతో నుండుటకైనను" ఒప్పుకోలేదు. మొదటిదానికి కాదనడం పవిత్రత అని అందరికీ తెలుసు. రెండవదానికి కాదనడం ఎందుకో అనుభవం ఉన్నవారికే తెలుస్తుంది. పాపం గదిలోకి వచ్చాక దానితో యుద్ధం చేయడం ఒక ఎత్తు, దానితో ఒకే గదిలో కూర్చోననడం ఇంకొక ఎత్తు. ఇంటివారెవరూ లేని ఆ రోజున అతడు పని కోసమే లోపలికి వెళ్లాడు. అతని దినదిన నిరాకరణ లేకపోతే ఆ ఒక్క దినపు పరుగు ఉండేది కాదని నా నమ్మకం.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఈ కథను పట్టుకుని స్త్రీలనే శోధనగా చిత్రించే ప్రసంగాలు విన్నాను, విన్నప్పుడల్లా నొచ్చుకున్నాను. అదే బైబిలులో అమ్నోను కుట్ర పన్ని తన చెల్లెలైన తామారును బలవంతం చేసిన కథ కూడా ఉంది. అక్కడ వేడుకున్నదీ ఆమే, న్యాయం మాట్లాడినదీ ఆమే. యోసేపు కథలో అసలు విషయం అధికారం ఉన్నవారు లేనివారిమీద ఒత్తిడి తేవడం, ఆ ఒత్తిడి మధ్య ఒక దాసుడు దేవుణ్ణి విడవకపోవడం. తమ ఇష్టం లేకుండా అవమానం పొందినవారు ఎవరైనా ఇది చదువుతూ ఉంటే, మీ పవిత్రతను ఎవరూ మీ దగ్గరనుండి తీసుకుపోలేదు. పాపం చేసినవారిదే గాని సహించినవారిది కాదు.

యాకోబు తన పత్రికలో శోధన ఎలా పనిచేస్తుందో రెండు వచనాల్లో చెప్పాడు: "ప్రతివాడును తన స్వకీయమైన దురాశచేత ఈడ్వబడి మరులు కొల్పబడినవాడై శోధింపబడును. దురాశ గర్భము ధరించి పాపమును కనగా, పాపము పరిపక్వమై మరణమును కనును." మూలభాషయైన గ్రీకులో ఆ 'మరులు కొల్పబడు' అన్న చోట ఉన్నది ఎర వేసి పట్టడానికి వాడే మాట. ఎరను చూసిన చేపకు గాలం కనబడదు. ఆ వరుసను గమనించండి: ఈడ్చుట, మరులు గొలుపుట, గర్భము, కనుట, మరణము. వీటిలో చివరి రెండింటి దగ్గర మేలుకుంటాము మనము, కన్నీళ్లతో. మొదటి రెండింటి దగ్గర మేలుకున్నవాడికి కన్నీళ్లతో పని తక్కువ.

ఆ మొదటి రెండు మెట్లు ఎంత చిన్నవో చెప్పడానికి నా అనుభవమే చాలు. రాత్రి ప్రార్థన ముగించి, దీపం ఆర్పి పడుకున్నాక, తలగడ పక్కన ఉన్న ఫోను వైపు చెయ్యి దానంతట అదే వెళ్లేది. సమయం ఎంతయిందో చూద్దామనే తీసేవాణ్ణి. వెలుగు ముఖంమీద పడేది. బొటనవేలు ఒకసారి పైకి జరిగేది, మరొకసారి జరిగేది. ఎక్కడా "ఇప్పుడు పాపం చేస్తాను" అని నిర్ణయించుకున్న క్షణం ఉండదు. అరగంట తరువాత ఫోను బోర్లా పెట్టి చీకటిలో కళ్లు తెరచుకుని పడుకున్నప్పుడు, అంతకుముందు చేసిన ప్రార్థన ఎవరో చేసినట్లు ఉండేది. దేవా, నాకు బలమియ్యి అని ఎన్నో రాత్రులు అడిగాను. ఒక రాత్రి వాక్యం చదువుతూ ఉంటే, "సహింపగలుగుటకు ఆయన శోధనతో కూడ తప్పించుకొను మార్గమును కలుగజేయును" అన్న మాట (1 కొరింథీయులకు 10:13) కొత్తగా కనబడింది. మార్గం ఇస్తానన్నాడు ఆయన. దానిలో నడవడం నా వంతు. ఫోనును తీసుకెళ్లి వేరే గదిలో పెట్టి తలుపు వేసి వచ్చాను. అది గొప్ప ఆత్మీయ విజయంగా ఏమీ అనిపించలేదు. కాని ఆ రాత్రి ప్రార్థన నాదిగానే ఉండిపోయింది.

పౌలు రోమా సంఘానికి వ్రాసినదీ ఇదే: "ప్రభువైన యేసుక్రీస్తును ధరించుకొనినవారై, శరీరేచ్ఛలను నెరవేర్చుకొనుటకు శరీరము విషయమై ఆలోచన చేసికొనకుడి." ఏర్పాటు ముందే చేసి పెట్టుకుని, తరువాత శోధన వచ్చిందనడం మన అలవాటు. ఈ వచనాన్నే 386లో మిలాను నగరంలో ఒక తోటలో, తరువాతి కాలంలో గొప్ప క్రైస్తవ బోధకుడైన అగస్టీను తెరచి చదివాడు. యౌవనంలో "నాకు పవిత్రతను అనుగ్రహించు, కాని ఇప్పుడే వద్దు" అని ప్రార్థించినట్లు తానే ఒప్పుకున్న మనిషి ఆయన. ముప్పై ఒకటవ ఏట, విడువలేని పాత జీవితాన్ని తలచుకుని ఏడుస్తూ ఉండగా, "తీసి చదువు, తీసి చదువు" అని ఒక పసిగొంతు వినబడిందని వ్రాసుకున్నాడు. తెరవగానే కనబడినది ఆ మాట. నాకు అంతకంటె ప్రియమైనది తరువాత జరిగినది. పక్కనే ఉన్న స్నేహితుడు అలీపియుసు అదే పుస్తకం తీసుకుని ముందుకు చదివాడు. "విశ్వాసము విషయమై బలహీనుడైనవానిని చేర్చుకొనుడి" అని ఉంది. అది తన గురించేనని అతడు చెప్పాడు. ఇద్దరూ మరుసటి సంవత్సరం బాప్తిస్మం పొందారు. యౌవనేచ్ఛలనుండి పారిపొమ్మని తిమోతికి వ్రాసిన పౌలు కూడా, పవిత్ర హృదయులై ప్రభువునకు ప్రార్థన చేయువారితో కూడ పరుగెత్తమన్నాడు. ఒంటరిగా పారిపోయేవాడు త్వరగా అలసిపోతాడు. నమ్మదగిన ఒక్క విశ్వాసికైనా మన పోరాటం తెలిసి ఉండాలి.

అన్నిటికంటె ముందు అది తెలిసినవాడు ప్రభువే. నలువది దినాల ఉపవాసం తరువాత ఆకలిగొన్నప్పుడు ఆయన శోధింపబడ్డాడు. మూడుసార్లూ ద్వితీయోపదేశకాండంలోని మాటలతోనే జవాబిచ్చాడు. పడిపోనివాడికి పడేవాడి బాధ ఏమి తెలుసునని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. గాలికి వెంటనే విరిగిన కొమ్మకు గాలి పూర్తి బలం తెలియదు, చివరివరకు నిలిచిన చెట్టుకే తెలుస్తుంది. "సమస్త విషయములలోను మనవలెనే శోధింపబడినను, ఆయన పాపము లేనివాడుగా ఉండెను" అన్న హెబ్రీ పత్రిక మాటను ఇప్పుడు ఆ విధంగా చదువుకుంటున్నాను.

యోసేపు పవిత్రతకు వెంటనే దొరికిన బహుమానం చెరసాల. ఒకప్పుడు అతని విచిత్రమైన నిలువుటంగీని అన్నలు మేకపిల్ల రక్తంలో ముంచి తండ్రికి అబద్ధపు ఆనవాలుగా చూపించారు. ఇప్పుడు ఫోతీఫరు భార్య చూపించిన రెండవ వస్త్రమూ అతనిమీద అబద్ధ సాక్ష్యమే చెప్పింది. పవిత్రంగా ఉంటే అన్నీ చక్కబడతాయని చెప్పేవారు ఈ అధ్యాయాన్ని చివరివరకు చదవాలి. "యెహోవా యోసేపునకు తోడైయుండి" అన్న మాట మాత్రం ఫోతీఫరు ఇంటిలోనూ ఉంది, చెరసాలలోనూ ఉంది.

దీని ముందున్న ముప్పై ఎనిమిదవ అధ్యాయం యూదాది. ఇద్దరు అన్నదమ్ముల కథలు పక్కపక్కనే ఉండడం ఊరకే జరిగినది కాదు. యూదా కూడా ఒక స్త్రీ చేతిలో, తన కోడలైన తామారు చేతిలో (అమ్నోను చెల్లెలు తామారు వేరు), తన ఆనవాళ్లు విడిచి వచ్చాడు: ముద్ర, దాని దారము, చేతికర్ర. అవి చెప్పిన సాక్ష్యం మాత్రం నిజం. అందరి ఎదుట అవి బయటపడినప్పుడు అతడు బొంకలేదు. ఆమె నాకంటె నీతిమంతురాలని ఒప్పుకున్నాడు. ఒకప్పుడు తమ్ముణ్ణి అమ్ముదామన్న ఆ యూదాయే తరువాత మరొక తమ్ముడి బదులు తాను దాసుడుగా ఉంటానని ముందుకు వచ్చాడు. మత్తయి వ్రాసిన వంశావళిలో మన ప్రభువు పుట్టినది యోసేపు గోత్రంలో కాదు, యూదా గోత్రంలో. తామారు పేరు కూడా అక్కడ ఉంది. పారిపోగలిగినవారి కంటె పారిపోలేకపోయినవారమే మనలో ఎక్కువమంది. అందుకే ఈ సంగతి నాకు ఇంత ముఖ్యం.

యోసేపుకు చివరికి మూడవ వస్త్రం దొరికింది. ఫరో తన ఉంగరం తీసి అతని చేతికి పెట్టి, సన్నపు నారబట్టలు తొడిగించాడు. లూకా సువార్తలో మరొక కుమారుడు ఉన్నాడు. ఏ శోధననూ కాదనక, ఆస్తినంతా పాడుచేసుకుని, పందుల పొలంనుండి ఇంటిదారి పట్టినవాడు. దారి పొడుగునా కూర్చుకున్న ఒప్పుకోలును తండ్రి ఎదుట మొదలుపెట్టాడు. కూలివారిలో ఒకనిగా పెట్టుకొమ్మన్న చివరి మాట నోట ఉండగానే తండ్రి దాసుల వైపు తిరిగాడు: "ప్రశస్త వస్త్రము త్వరగా తెచ్చి వీనికి కట్టి, వీని చేతికి ఉంగరము పెట్టి..."